వెల్లబయలు ఎండకు ఏ చట్రం?

రాణి కువలయదేవి కొలువులో ఆ ఉదయం ఆరు పళ్ళేలు పెట్టారు. అయిదింటిలో తాబేటి చిప్ప, ఏనుగు దంతం, ఇరుగుడు మాను చేవ, వెదురు, గేదె కొమ్ము. ఆరోదానిలో పట్టుగుడ్డ మీద రెండు స్ఫటికపు బిళ్ళలు, పొగరంగువి. వాటిలోంచి చూస్తే మధ్యాహ్నపు సూర్యుడు నారింజపండులా కనిపిస్తాడు, కన్ను నొవ్వదు. నీలకుంభ రాజ్యం మొత్తానికి అలాంటివి ఈ రెండే.

ఆ బిళ్ళలకు చట్రం కట్టి చలువ అద్దాలు చెయ్యాలి. చట్రం దేనితో చెయ్యాలో తేల్చడానికి పిలిపించిన మనిషి మైలారుడు. కోటవీధిలో దువ్వెనలు కోస్తాడు.

రాజ్యానికి పడమట వెల్లబయలు ఉంది. అంతా ఉప్పునేల. బయల్లోకి ఆమడ దూరాన ఉప్పుకోట కట్టుకుని శ్వేతాక్షుడనే మాంత్రికుడు కూర్చున్నాడు. బురుజు మీద నిలువెత్తు అద్దం పెట్టి, సూర్యుణ్ణి అందులో పట్టి, బయలు మీదకు తిప్పుతాడు. ఆ వెలుగు పడిన కన్ను తెల్లబడుతుంది. ఉప్పు మళ్ళలో పనిచేసే నలభై మందిని అతడు పట్టుకుపోయి ఇరవై రెండు రోజులైంది. నెల తిరిగేలోగా బయటికి తెస్తే చూపు నిలుస్తుందని, తరవాత తెచ్చినా లాభం లేదని రాజవైద్యుడు చెప్పాడు. ఆ నలభై మందిలో మైలారుడి అక్క నాచమ్మ ఉంది. ఉప్పు మళ్ళవాళ్ళ ఇంట మెట్టక ముందు, తండ్రి పోయిన ఏట, మైలారుడి చేతికి రంపం ఇచ్చి పని నేర్పింది ఆమే.

అతడికన్నా ముందు దండనాయకుడు రణసింహుడు వెళ్ళాడు. అప్పుడు బిళ్ళలకు బంగారు చట్రం కట్టారు. సగం దారిలో బంగారం కాగింది. కణతలు బొబ్బలెక్కాయి. ఓర్చుకోలేక పీకేశాడు. గుర్రమే అతణ్ణి వెనక్కి తెచ్చింది. బిళ్ళలు గుప్పిట్లో భద్రంగా ఉన్నాయి. చూపు మాత్రం పోయింది.

"అందుకే ఈసారి లోహం వద్దన్నాం. మిగిలినవన్నీ నీ ముందున్నాయి. ఏది?" అని రాణి అడిగింది.

మంత్రి విశాలగుప్తుడు గొంతు సవరించుకున్నాడు. "అడగడం ఎందుకు మహారాణీ? దువ్వెనలవాడు కొమ్మని కాక ఇంకేమంటాడు?"

మైలారుడు మంత్రి వైపు చూసి నవ్వాడు. "ఒక పెనం తెప్పించండమ్మా. పెనం నిండా బయలు ఉప్పు. నేను చెప్పను, పెనమే చెప్తాది."

పెనం తెచ్చి ముంగిట్లో ఎండలో పెట్టి, కింద పిడికెడు నిప్పులు వేశారు. వెల్లబయలు మధ్యాహ్నానికి ఎంత కాగుతుందో చెప్పడానికి పోలవ్వను పిలిచారు. ఆమె ఇరవై ఏళ్ళు ఆ బయలు మీద ఉప్పు గాడిదలు తోలింది. ఉప్పులో వేలు పెట్టి చూసి, "ఇంకొన్ని నిప్పులెయ్యండి. ఇది మంత్రిగారి స్నానానికి చాలు, బయలుకు చాలదు" అంది.

మైలారుడు ఒక్కో ముక్కనీ ఉప్పు నీళ్ళలో ముంచి పెనం మీద పెట్టాడు. గడియ సేపటికి తాబేటి చిప్ప బెల్లపు పాకంలా వంగింది. దంతానికి వెంట్రుకంత పగుళ్ళు వచ్చాయి. ఇరుగుడు చేవ చెక్కు చెదరలేదు గాని, ముక్కు మీద పెట్టి చూస్తే బరువు. చెమట పడితే జారిపోతుంది. వెదురు తేలిగ్గా ఉంది, కాలలేదు. కాని బిళ్ళ కూర్చోవడానికి గాడి తవ్వబోతే పోగు వెంట నిలువునా చీలింది. కొమ్ము కొంచెం మెత్తబడింది. పెనం మీంచి తీయగానే మళ్ళీ గట్టిపడింది.

"కొమ్మే" అన్నాడు మైలారుడు.

"నేను చెప్పలేదా" అన్నాడు మంత్రి.

"వెదురు తీస్కో అబ్బీ. వెదురు అణిగినా లేస్తాది. కొమ్ముకు పొగరెక్కువ" అంది పోలవ్వ.

"మాది ఏడు తరాల కొమ్ము పని అవ్వా. కండ్లు మూసుకోని కోస్తా."

"బయల్లో అందురూ కండ్లు మూసుకునే పోతారు. నువ్వొక్కడివే తెరుచుకోని పొయ్యేవాడివి. దాని సంగతి చూడు."

ఆ సాయంకాలానికి చట్రం తయారైంది. దువ్వెనకు చేసినట్టే చేశాడు. కొమ్మును నిలువునా కోసి, నిప్పుల మీద కాచి, విప్పి, రెండు రాళ్ళ మధ్య అణచి తాటాకులా చదును చేశాడు. ఆ చదును పలకలోంచి చట్రం కోశాడు. గాడి తవ్వి స్ఫటికాలు కూర్చాడు. నువ్వులనూనె పట్టించి తుడిచాడు. చెవులకు తగిలించే కాడలు కూడా కొమ్మువే. రాణి పెట్టుకుని చూసి, తీసి, అతడి చేతికిచ్చింది. పెనం మీద పరీక్షకు పెట్టింది అణచని కొమ్మనీ, చట్రం కోసింది అణచిన కొమ్మనీ ఆ కొలువులో ఎవరికీ తట్టలేదు. తట్టవలసింది ఒక్క మైలారుడికి. అతడు అప్పటికే రంపాన్ని సంచిలో వేస్తున్నాడు.

తెల్లవారగానే మైలారుడూ, దారి తెలిసిన పోలవ్వా ఒక గాడిదతో బయల్దేరారు. ఉప్పుకోట వాకిలి రోజుకొక్కసారి తెరుస్తారు. ఎండ నడినెత్తికి రాగానే తెరిచి, మనిషి నీడ మూరెడు సాగగానే మూస్తారు. ఆ వేళకు అక్కడ ఉండాలి.

సూర్యుడు లేచేసరికి బయలు కొస చేరారు. ఎదురుగా నేల ఆకాశం దాకా తెలుపు. గడ్డిపోచ లేదు, రాయి లేదు. ఉప్పు పెచ్చుల మీద వెలుగు వేల ముక్కలై లేస్తోంది. మైలారుడు చలువ అద్దాలు పెట్టుకున్నాడు. తెలుపు ఇంగువ రంగుకు మారింది. దూరంగా గోరంత బురుజు కనిపించింది.

పోలవ్వ తన కళ్ళకు గుడ్డ కట్టుకుంది. గాడిద కళ్ళకూ కట్టింది.

"దీని పేరేందవ్వా?"

"మంత్రి. పెట్టింది నిన్ననే. కొలువు నుంచి వొచ్చినాక."

గాడిద మీద నీళ్ళ తిత్తి, పోలవ్వ ఊదే గేదెకొమ్ము బూర, ఒక వెదురు కర్ర. తోక పోలవ్వ చేతిలో. మైలారుడు ముందు నడిచాడు.

రెండు గడియలు నడిచాక గాడిద ఆగిపోయింది.

"ఏమైందవ్వా? నేల బాగుండాది. నాకు కనపడ్తాంది గదా."

"దానికి కాళ్ళతో కనపడ్తాది. ఆగమంటే ఆగు."

మైలారుడు ఆగలేదు. నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగుకు పెచ్చు విరిగింది. కింద బురద. నడుము దాకా దిగబడ్డాడు. కదిలిన కొద్దీ కిందికి లాగుతోంది. పోలవ్వ గాడిదను వెనక్కి తిప్పి, తోక అతడి చేతికి అందేలా నిలబెట్టింది.

"గట్టిగా పట్టుకో. ఇంగ లాగరా మంత్రీ, లాగు!"

గాడిద లాగింది. మైలారుడు పొట్ట మీద పాకుతూ బయటపడ్డాడు. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

"రాజ్యంలో మంత్రి తోక పట్టుకోని పైకొచ్చినోళ్ళల్లో నువ్వు ఎన్నోవాడివో" అంది పోలవ్వ.

అక్కడినించి గాడిదే ముందు నడిచింది.

ఎండ ఎక్కింది. కోట పిడికిలంత అయింది. అప్పుడు సూర్యుడిలోంచి మూడు చుక్కలు రాలాయి. వట్టి కళ్ళతో సూర్యుణ్ణి చూడలేరు గనక బయల్లో వాటినెవరూ ముందుగా చూడలేదు. చూసేసరికి గోళ్ళు కళ్ళలో ఉంటాయి. అవి శ్వేతాక్షుడి తెల్ల గద్దలు. మైలారుడు స్ఫటికంలోంచి సూర్యుణ్ణి నేరుగా చూస్తున్నాడు. మూడూ రెక్కలు ముడిచి దిగుతున్నాయి.

"అవ్వా, కూచో!"

పోలవ్వ గాడిద పొట్ట కిందికి దూరింది. మైలారుడు వెదురు కర్ర తీసుకున్నాడు. మొదటి గద్ద కర్రకు తగిలి ఉప్పులో పడింది. రెండోది అతడి భుజం చీరింది. దాని రెక్క పట్టుకుని నేలకు కొట్టాడు. మూడోది పైనే తిరిగి, కోట వైపు పోయింది.

"ఎన్ని పోయినాయి?"

"రెండు. ఒకటి పొయ్యి చెప్తాది."

"చెప్పనీ. వాడు అద్దం తిప్పుతాడు. నువ్వు బాగా కట్టినావు గదా చట్రం?"

"ఏడు తరాలవ్వా" అన్నాడు మైలారుడు.

అద్దం తిరిగింది. బురుజు మీద తెల్లటి మంట లేచి, బయలు మీద పాకుతూ వచ్చి, వాళ్ళ మీద నిలిచింది. కళ్ళకు గుడ్డ ఉన్నా గాడిద తల వంచింది. మైలారుడికి నారింజపండులాంటి సూర్యులు రెండు కనిపించారు. అంతే. కన్ను నొవ్వలేదు. నడక సాగించాడు.

నూరడుగులు వేశాడో లేదో ముక్కు మీద ఏదో కదిలినట్టయింది. చెమట అనుకుని సర్దుకున్నాడు. మళ్ళీ కదిలింది. వేలితో తడిమాడు. చదునుగా కోసిన చట్రం రెండు కొసల్లోనూ లోపలికి ముడుచుకుంటోంది. కాడలు కణతల్ని నొక్కుతున్నాయి. చట్రం మధ్యలో గాడి నోరు తెరిచింది.

అప్పుడు తెలిసింది. కొమ్ము తను పుట్టిన వంపు మరిచిపోదు. కాచి అణిస్తే అణుగుతుంది. తనను అణచినంత వేడి మళ్ళీ తగిలితే పాత వంపుకు తిరుగుతుంది. దువ్వెనను ఎవరూ నిప్పుల్లో పెట్టరు గనక ఏడు తరాల్లో ఎవరికీ ఈ చిక్కు రాలేదు. సూర్యుడి వేడి పైనించీ అద్దం వేడి ఎదురుగానూ కలిసి నిప్పుల పని చేశాయి.

కుడివైపు బిళ్ళ జారింది. మైలారుడు రెప్పలు బిగించి, అరచేత్తో పట్టుకున్నాడు. ఎడమది కూడా ఊడి చేతిలోకొచ్చింది. రెప్పల వెనక లోకం ఎర్రగా అయింది.

"అవ్వా, ఊడొచ్చింది."

"కండ్లు?"

"మూసుకున్యా."

"తెరవాకు. కిందికి రా. మంత్రి నీడకు రా."

గాడిద పొట్ట కింద ఇద్దరూ కూర్చున్నారు. పోలవ్వ తన కొంగు నీళ్ళలో తడిపి అతడి తల మీంచి కప్పింది.

"ఎంత పొద్దుందవ్వా?"

ఆమె చేయి చాపి, గాడిద నీడ కొసన వేడి మొదలయ్యే చోటు తడిమింది. "నడినెత్తికి రెండు గడియలు తక్కువ. నడవాల్సింది గడియ."

"నీ బూర యాడుండాది?"

"నా బూర ఎందుకబ్బీ? పాతికేండ్ల నాటిది."

"అది అణచింది కాదు. దాని వంపు దానికుండాది. నా నుదుటి వంపుకు సరిపోతాది. కోస్తా."

"కనపడకుండానా?"

"కండ్లు మూసుకోని కోస్తానని కొలువులో చెప్పినా గదా."

పోలవ్వ బూర అతడి ఒళ్ళో పెట్టింది.

మైలారుడు సంచిలోంచి రంపం, ఆకురాయి తీశాడు. బూర వెడల్పు కొసలో బొటనవేలితో మందం చూసుకున్నాడు. వంపు బయటి వైపు నుంచి రెండు వేళ్ళ వెడల్పున, జానెడు పొడుగున పట్టీ కోశాడు. నుదుటికి ఆనించాడు. ఒక కణత నుంచి రెండో కణత దాకా ఎక్కడా సందు లేదు. కాచలేదు, అణచలేదు. గుండ్రటి బెజ్జాలు తొలిచే వ్యవధి లేదు. అందుకని పట్టీ పై అంచు నుంచి కిందికి రెండు పల్లాలు కోశాడు, దువ్వెన పళ్ళు కోసినట్టే, కాని వెడల్పుగా. పల్లాల లోపలి అంచున ఆకురాయితో గాడి తీశాడు. బిళ్ళలు పైనించి జారవిడిచాడు. కూర్చున్నాయి. ముక్కు ఆనడానికి కింది అంచున చిన్న వంక తీశాడు.

పైన తెరిచి ఉంది. తల ఊపితే బిళ్ళలు పైకి వస్తాయి.

"మూత కావాల. చెవులకు కాడలు కావాల. కొమ్ము ఇంగ చాలదు."

"నా కర్ర?" అంది పోలవ్వ.

"చీలిపోతాదే."

"చీలనీ. నీకు కావాల్సింది బద్దే గదా. చీలేదాన్ని చీలే పనికే పెట్టల్ల."

వెదురు కర్రను నిలువునా చీల్చాడు. పోగు వెంట వేలెడు వెడల్పు బద్ద వచ్చింది. అది నుదుటి మీద పల్లాలకు మూత అయింది. రెండు కొసలూ చెవుల మీదుగా వెనక్కి వంగి, వాటంతటవే బిగుసుకున్నాయి. గాడిద తోక వెంట్రుకలతో కొమ్మునూ వెదురునూ మూడు చోట్ల కట్టాడు. గాడిద ఒక్కసారి తన్నబోయి మానుకుంది.

మైలారుడు అద్దాలు పెట్టుకుని, ముందు ఒక కన్ను, తరవాత రెండోది తెరిచాడు. గాడిద కాళ్ళు కనిపించాయి. అవతల ఇంగువ రంగు నేల, పైన రెండు నారింజపండ్లు.

"సగం నీది, సగం నాది అవ్వా."

"తోక మంత్రిది" అంది పోలవ్వ. "లెయ్. పరిగెత్తు."

పరిగెత్తారు. అద్దం వెలుగు వాళ్ళ వెంటే వచ్చింది. కొమ్ము కాగింది, మెత్తబడింది. ఎటూ ముడుచుకోలేదు. దానికి తిరిగి పోవలసిన వంపు వేరే లేదు. కోట ముందరి ఉప్పు కుప్పల మధ్యకు చేరేసరికి వెలుగుకు వాళ్ళ జాడ తప్పింది.

కోట గోడలు కనుచూపు మేర ఉప్పు దిమ్మెలు. వాకిలి తెరిచి ఉంది. వాకిట్లో రెండు వైపులా ఉప్పు బొమ్మలు బల్లేలతో నిలబడ్డాయి, మాంత్రికుడి కావలివాళ్ళు. బయటి మళ్ళనించి పనివాళ్ళు ఒకే తాడు పట్టుకుని వరసగా లోపలికి పోతున్నారు. కళ్ళ మంటకు అందరూ తడిగుడ్డలు కట్టుకున్నారు. మైలారుడి నీడ అప్పటికే మూరకు వేలెడు తక్కువ.

పోలవ్వను, గాడిదను ఉప్పు కుప్ప చాటున ఆపాడు. తలగుడ్డ విప్పి, అద్దాల మీదుగా ఒక పొర చుట్టాడు. ఒంటికి ఉప్పు పూసుకున్నాడు. వరస చివరికి పోయి తాడు కొస పట్టుకున్నాడు. బొమ్మల దగ్గర కావాలనే తడబడి మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక బొమ్మ బల్లెం మొదలుతో వీపు మీద పొడిచి లేపింది. వెనక వాకిలి మూసుకుంది.

లోపల మెట్ల మీద శ్వేతాక్షుడు నిలబడి ఉన్నాడు. ఎముకల మీద తోలు, సగం పాలుపట్టిన కనుగుడ్లు. చేతిలో అరచేతి అద్దం. వచ్చిన ఒక్కొక్కరి ముఖం మీద తళుకు కొడుతున్నాడు. చూపున్నవాడు గుడ్డ కింద కూడా ఉలిక్కిపడతాడు. వాణ్ణి మళ్ళకు తోస్తారు. ఉలిక్కిపడనివాడు గుడ్డివాడు. వాణ్ణి బురుజు ఎక్కిస్తారు. బురుజు మీది పెద్ద అద్దాన్ని తిప్పడానికి చూపు లేనివాళ్ళే కావాలి.

తళుకు మైలారుడి ముఖం మీద పడింది. అతడు రెప్ప వెయ్యలేదు.

"వీడు పండాడు. పైకి" అన్నాడు శ్వేతాక్షుడు.

బురుజు మీద అద్దానికి ఇరుసు, ఇరుసుకు చక్రం, చక్రానికి రెండు పిడులు. ఒక పిడి దగ్గర అప్పటికే ఒక మనిషి ఉంది. చేతులు పుండ్లు పడ్డాయి. మైలారుడు రెండో పిడి పట్టుకున్నాడు.

"అక్కా."

ఆమె తల తిప్పలేదు. పిడి వదలకుండా ఒక చేయి చాపి అతడి ముఖం తడిమింది. గుడ్డ కింద చట్రం తగిలింది. వేలు కొమ్ము వెంట కణత నుంచి కణత దాకా నడిచింది.

"అణచలేదు" అంది నాచమ్మ.

"లేదక్కా."

"ఎవురు చెప్పినారు?"

"ఎండ చెప్పింది. నీకేమన్నా కనపడ్తాదా?"

"నీ ముఖం ఉండాదని కనపడ్తాది. ముక్కు కనపడదు. గుడ్డిదాన్ననుకోనీ అని, వాడు తళుకు కొట్టిన ప్రతిసారీ పండ్లు బిగబట్టి నిలబడినా. మళ్ళల్లో అయితే చూపు ఎప్పుడో పోతుండె. ఇంగొక్కసారి కొడితే అదీ ఉండదు."

శ్వేతాక్షుడు మెట్లెక్కి వచ్చాడు. అద్దం వెనక, దాని వైపే తిరిగి, నల్లరాతి గద్దె మీద కూర్చున్నాడు. భుజం మీద మూడో గద్ద వాలి చెవిలో ఏదో కీచుమంది.

"ఉప్పు కుప్ప చాటున గాడిద ఉందట. దాని పక్కన ముసలిది. అటు తిప్పండి" అన్నాడు.

మైలారుడు గుడ్డ లాగేశాడు. అద్దాలు తీసి అక్క కళ్ళకు పెట్టాడు. వెదురు కొసలు ఆమె చెవుల వెనక బిగిశాయి. రెప్పలు మూసుకుని రెండు చేతులతో పిడి పట్టాడు.

"నేను కండ్లు మూసుకోని తిప్తా. నువ్వు చూసి చెప్పు."

నాచమ్మకు ఇరవై మూడు రోజుల తరవాత బురుజు రాళ్ళు, వాటి మధ్య సందులు, గద్దె మీది మనిషి కనిపించారు.

"ఎడమకు. ఇంగా. ఇంగా కొంచెం" అంది.

ఇరుసు కిరకిరలాడింది. అద్దం బయలు దాటి, గోడ దాటి, తన యజమాని మీదికి వచ్చింది.

"ఆపు."

గద్దె మీదనుంచి కేక లేచింది. గద్దె వెనక ఉప్పు దిమ్మె ఆ వెలుగుకు పెటేలున పగిలింది. గద్ద దిక్కు తెలియక గోడకు కొట్టుకుంది. కింది నుంచి మెట్ల మీద ఉప్పు బొమ్మల అడుగులు మొదలయ్యాయి.

"ఎన్నక్కా?"

"పది. ముందర నాలుగు, ఎనక ఆరు. బల్లేలుండాయి."

మైలారుడు కళ్ళు తెరవలేదు. చేతులు పిడి మీద సర్దుకున్నాడు.

"ఎటు?"

"కుడికి, మెట్ల మీదికి" అంది నాచమ్మ.